అంతరిక్షంలో అసెంబ్లీ: రాజకీయం నడిచే ఐదు సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లలో ఏది మొదలుపెట్టాలి?

మొన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆండోర్ అయిపోయింది. ఇలాంటిదే ఇంకోటి చెప్పు." ఇలాంటిదే అంటే ఎలాంటిది అని అడిగాను. కాసేపు తడుముకుని, "కత్తులూ మంత్రాలూ లేకుండా, మనుషులు మీటింగుల్లో కూర్చుని ఒకరి గొయ్యి ఒకరు తవ్వుకునేది" అన్నాడు. నిర్వచనం బాగానే ఉంది. ఇబ్బందేమిటంటే దానికి సరిపోయేవి ఇంకో నాలుగున్నాయి, వాటిలో రెండు ఒక్కోటీ వంద గంటలు అటూ ఇటూ మింగేస్తాయి. వాడేమో తేడా కొడితే మూడో ఎపిసోడ్‌లో వదిలేసి "సైన్స్ ఫిక్షన్ మనకు పడదులే" అనే బాపతు. అందుకే ఫోన్లో తేల్చకుండా కూర్చుని రాశాను.

బరిలో ఉన్నవి ఐదు: బాబిలాన్ 5, స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా (2003లో మళ్లీ మొదలైనది, 1978 నాటిది కాదు), ది ఎక్స్‌పాన్స్, ఆండోర్. మలుపులు వీలైనంత దాచాను గానీ, రాజకీయం మాట్లాడుతూ అసలేమీ బయటపెట్టకుండా ఉండటం నా వల్ల కాలేదు. స్పాయిలర్ అంటే ప్రాణం పోయేవాళ్లు పట్టిక చూసి ఆగిపోండి.

## ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికన్నా ముందు, ఆ కథ అధికారాన్ని ఎవరి కుర్చీలోంచి చూపిస్తుందో చూసుకోవాలి. పాలించేవాడి కుర్చీయా, కింద నలిగేవాడి పీటా, లేక మధ్యలో ఫైళ్లు మోసే గుమాస్తాదా? ఒకే కర్ఫ్యూ ఈ ముగ్గురికీ మూడు రకాలుగా కనిపిస్తుంది. ఎక్కడ కూర్చుని చూడాలని ఉందో తేలిందంటే సగం ఎంపిక అయిపోయినట్టే. జనం మాత్రం ఎక్కువగా "ఏది గొప్ప?" అని అడుగుతారు. ఐదూ గొప్పవే, ఆ ప్రశ్న వల్ల ఒరిగేదేమీ లేదు.

తర్వాత చూసుకోవాల్సింది ముగింపు. రాజకీయ కథ చూసేవాడు ఊరికే చూడడు, పక్షం వహిస్తాడు. ఫలానా ఆమె గెలవాలి, ఫలానావాడికి శిక్ష పడాలి, ఆ ఒప్పందం నిలవాలి అని ఏళ్ల తరబడి ఆశ పెంచుకుంటాడు. ఆ ఆశను ఈ ఐదూ ఐదు రకాలుగా చూశాయి. అందులో ఏ రకం మీకు పడుతుందో మీకే తెలియాలి.

మిగతావి మామూలు లెక్కలే: ఎన్ని గంటలు, పాత గ్రాఫిక్స్ భరించగలరా, హాల్లో టీవీలో పెట్టుకోవచ్చా లేక గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలా.

| సిరీస్ | కాలం | నిడివి | ఎవరి కుర్చీ | ముగింపు | ఇంట్లో అందరితో |
|---|---|---|---|---|---|
| బాబిలాన్ 5 | 1993–98 | 5 సీజన్లు, 110 ఎపిసోడ్లు, సుమారు 80 గంటలు | రాయబారులు, స్టేషన్ కమాండర్ | అనుకున్న చోటే ముగిసింది | చూడొచ్చు |
| డీప్ స్పేస్ నైన్ | 1993–99 | 7 సీజన్లు, 176 ఎపిసోడ్లు, సుమారు 130 గంటలు | కొత్తగా స్వేచ్ఛ వచ్చిన దేశం, దానికి సాయమొచ్చిన పెద్ద శక్తి | ఒక్క మాట బాకీ | నిశ్చింతగా |
| బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా | 2003–09 | మినీ సిరీస్, 4 సీజన్లు, సుమారు 60 గంటలు | అధ్యక్షురాలు, సైన్యాధిపతి | ముగిసింది, అభిమానులు రెండుగా చీలారు | వద్దు |
| ది ఎక్స్‌పాన్స్ | 2015–22 | 6 సీజన్లు, 62 ఎపిసోడ్లు, సుమారు 46 గంటలు | గని కూలీలు, ఐక్యరాజ్యసమితి పెద్దలు | తొమ్మిది పుస్తకాల్లో ఆరో దాని దగ్గర ఆగింది | బూతులు, రక్తం, పెద్దలే |
| ఆండోర్ | 2022, 2025 | 2 సీజన్లు, 24 ఎపిసోడ్లు, 20 గంటల లోపే | తిరుగుబాటుదారు, గుమాస్తా | ముందే తెలిసిన చావు | చిన్నపిల్లలు వద్దు |

## బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా: తెల్లబోర్డు మీద జనాభా

మనుషులు తయారుచేసిన యంత్రాలు, సైలాన్లు, తిరగబడి పన్నెండు గ్రహాల మీద అణుబాంబులు వేస్తాయి. మిగిలేది యాభై వేల మంది, కొన్ని పౌర నౌకలు, మ్యూజియం చేయబోతున్న ఒక పాత యుద్ధనౌక. పదవి దక్కే వరసలో 43వ స్థానంలో ఉన్న విద్యాశాఖ మంత్రి లారా రోస్లిన్, పైనున్న నలభై రెండు మందీ పోవడంతో అధ్యక్షురాలవుతుంది. అప్పుడే ఆమెకు క్యాన్సర్ అని కూడా తెలుస్తుంది.

నేను దీన్ని హాస్టల్లో రూమ్మేట్ హార్డ్ డిస్క్‌లో చూశాను. మినీ సిరీస్ తర్వాత వచ్చే మొదటి ఎపిసోడ్ పేరు 33. ప్రతి 33 నిమిషాలకూ శత్రువు వచ్చి పడుతుంటాడు. రోజుల తరబడి ఎవరికీ నిద్ర లేదు. అధ్యక్షురాలి గదిలో ఒక తెల్లబోర్డు, దాని మీద బతికున్నవాళ్ల లెక్క. చనిపోయినవాళ్ల కబురొచ్చినప్పుడల్లా ఆ అంకె తగ్గుతుంది. ఎపిసోడ్ చివర ఏదో నౌకలో ఒక బిడ్డ పుట్టిందని చెబుతారు. ఆమె లేచి వెళ్లి ఒకటి కలిపి రాస్తుంది. "జనాభా లెక్కలు చూపించి ఏడిపించడం ఎక్కడా చూళ్లేదురా" అన్నాడు మావాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఆ బోర్డు మీది అంకె మున్ముందు ఎంత దూరం లాక్కెళుతుందో చూడండి. జీవితమంతా ఆడవాళ్ల హక్కు కోసం నిలబడిన రోస్లిన్, ఆ అంకె పెరగాలని గర్భస్రావాన్ని నిషేధిస్తుంది. ఎన్నికల్లో ఓడిపోతే జనాన్ని తప్పుడు చోట దింపుతారని భయపడి ఓట్ల లెక్క తారుమారు చేయించబోతుంది. ఆమె భయం నిజమేనని మనకు తెలుసు. అయినా రిగ్గింగ్ రిగ్గింగే. ఆ రెండింటి మధ్య మనల్ని నిలబెట్టి వదిలేస్తారు.

మూడో సీజన్ 2006లో వచ్చింది. అమెరికా సైన్యం ఇరాక్‌లో ఉన్న రోజులవి. అమెరికన్ టీవీ సిరీస్‌లో మనకు ఇష్టమైన పాత్రలు తమను ఆక్రమించిన సైలాన్ల మీదికి ఆత్మాహుతి దాడులకు మనుషుల్ని పంపుతాయి. మన వాళ్లలోనే కొందరు ఆక్రమణదారు పోలీసు దుస్తులు వేసుకుంటారు. ఆక్రమణ నుంచి బయటపడ్డాక ఆ పోలీసులను ఏం చేయాలన్న ప్రశ్న మీద ఒక ఎపిసోడ్ ఉంది. చీకటి గదిలో ఆరుగురు కూర్చుని పేర్లు చదువుతూ చేతులెత్తి మరణశిక్షలు వేస్తుంటారు. ఐదు సిరీస్‌లలోనూ నన్ను అంతగా కలవరపెట్టిన నలభై నిమిషాలు ఇంకోటి లేవు. దీని ప్రభావం ఎంతదాకా వెళ్లిందంటే, 2009 మార్చిలో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి కేంద్రంలోనే నటులతో, నిర్మాతలతో మానవ హక్కులూ ఉగ్రవాదమూ అంశాల మీద ఒక చర్చ పెట్టారు.

ఇక ఆశల సంగతి. తొలి సీజన్లలో ఎపిసోడ్ మొదట్లో "సైలాన్ల దగ్గర ఒక పథకం ఉంది" అని తెర మీద పడుతుంది. ఏళ్లపాటు అభిమానులు ఆ పథకం ఏమిటో కూడికలు తీసివేతలు చేసుకున్నారు. తీరా చూస్తే కథకు చెప్పుకోదగ్గ పథకమేదీ లేదు. 2009లో అదే పేరుతో ఒక టీవీ సినిమా తీసినా ఎవరికీ ఆకలి తీరలేదు. చివరి ఎపిసోడ్‌లో దేవుడి చెయ్యి బాగా కనపడుతుంది. అప్పటిదాకా ఓట్లూ, రేషనూ, సమ్మెలూ పట్టుకుని నడిచిన కథ అక్కడికొచ్చి ఆకాశం వైపు చూడటం రాజకీయం కోసం వచ్చినవాళ్లకు మింగుడుపడలేదు. పాత్రల కోసం వచ్చినవాళ్లు మాత్రం హాయిగా ఏడ్చారు. నేను మొదటిసారి చూసినప్పుడు మొదటి గుంపులో ఉన్నాను. రెండోసారి రెండో గుంపులోకి జారాను.

ఎవరికి: మంచివాళ్లు చెడ్డ నిర్ణయాలు తీసుకోవడం చూడగలిగే గుండె ఉన్నవాళ్లకు. ప్రతి ముడికీ తెర దిగేలోపు సమాధానం రావాలనేవాళ్లకు వద్దు. చిత్రహింసలు, లైంగిక హింస ఉన్నాయి కాబట్టి అమ్మానాన్నలతో అసలు వద్దు.

## ది ఎక్స్‌పాన్స్: గాలికి కూడా బిల్లు

23వ శతాబ్దం. భూమినీ చంద్రుణ్నీ ఐక్యరాజ్యసమితి ఏలుతుంది. అంగారకుడు విడిపోయి సైనిక శక్తిగా తయారైంది. ఈ ఇద్దరి కోసం మంచూ ఖనిజమూ తవ్విపెట్టేది గ్రహశకలాల మీద పుట్టి పెరిగిన బెల్టర్లు. వాళ్లు తాగే నీళ్లు, పీల్చే గాలి, రెండూ ఇంకొకరి చేతిలో ఉంటాయి. వేసవిలో ట్యాంకర్ నంబర్ రాసుకుని ఎదురుచూసినవాళ్లకు బెల్టర్లుండే సీరీస్ అనే అంతరిక్ష స్టేషన్ వీధులు కొత్తగా అనిపించవు.

మొదటి ఎపిసోడ్‌లోనే ఒక దృశ్యం ఉంది. ఐక్యరాజ్యసమితిలో పెద్ద పదవిలో ఉన్న క్రిస్‌జెన్ అవసరాల మేడ మీద మనవడితో ఆడుకుంటూ ఉంటుంది. (పేరు చూసి మన ఇంటిపేరని పొంగిపోకండి, పలకడం కాస్త అటూ ఇటూ. భారతీయ మూలాలున్న పాత్ర, ఇరాన్‌లో పుట్టిన షోహ్రే అగ్దాష్లూ నటించింది. ఆమె కట్టే చీరల మీదే ఒక వ్యాసం రాయొచ్చు.) అక్కడి నుంచి ఒక బెల్టర్ ఖైదీ దగ్గరికి వెళ్తుంది. తక్కువ గురుత్వంలో పెరిగిన ఒళ్లు. వాణ్ని కొక్కేలకు వేలాడదీశారు. కొట్టేవాడెవడూ లేడు. భూమి బరువే ఆ పని చేస్తోంది. మనవణ్ని ఆడించే పెద్దావిడ, హింసించే అధికారి, ఒకే మనిషి, ఒకే ఉదయం. ఈ సిరీస్ ఎవరినీ ఒకే రంగులో చూపించదని అక్కడే అర్థమైపోతుంది.

నాకు బాగా నచ్చింది వాళ్ల భాష. భాషావేత్త నిక్ ఫార్మర్ బెల్టర్ల కోసం ప్రత్యేకంగా ఒక మాండలికం తయారుచేశాడు. బెల్టలోడా అంటే మనోళ్లు. ఇన్యలోడా అంటే లోపలి గ్రహాలోళ్లు. స్పేస్ సూట్లలో మాట వినపడదు కాబట్టి అవునూ కాదూ అన్నీ చేతులతో చెప్పడం అలవాటైన జాతి. సూటు లేనప్పుడు కూడా చేతులు ఆగవు. ఎవరు మనోళ్లు, ఎవరు కాదు అన్న గీత యాసలో ఎలా పడుతుందో ఇంత బాగా చూపించిన సిరీస్ నాకు ఇంకోటి తెలీదు.

నాలుగో సీజన్‌ను చాలామంది నెమ్మది అని తీసిపారేస్తారు. నేనొప్పుకోను. కొత్త గ్రహం మీద శరణార్థులు ముందుగా దిగి గని తవ్వుకుంటూ బతుకుతుంటారు. వెనకాలే ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కాగితం పట్టుకుని ఒక కంపెనీ దిగుతుంది. భూమి దున్నుకున్నవాడిదా, పట్టా ఉన్నవాడిదా? ఆ గొడవ మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఈ సీజన్‌లోనే కనిపించే మార్కో ఇనారోస్ ఐదో సీజన్ నుంచి కథ మధ్యకు వస్తాడు. వాడు ఎత్తిచూపే అన్యాయాలన్నీ నిజం, వాడు చేసేదంతా ఘోరం. న్యాయమైన కోపాన్ని సొంత ఆస్తిగా రాయించుకునే నాయకుడు ఎలా ఉంటాడో చూడాలంటే వాణ్ని చూడండి.

అభిమానుల విషయంలో దీనిది విచిత్రమైన జాతకం. 2018 మేలో సైఫై ఛానెల్ మూడు సీజన్లకే ఆపేసింది. అభిమానులు లక్షకు పైగా సంతకాలు సేకరించారు, చందాలు వేసుకుని అమెజాన్ స్టూడియో మీదుగా బ్యానర్ కట్టిన విమానం తిప్పించారు. ఆపేసిన రెండు వారాలకే లాస్ ఏంజెలిస్‌లో జరిగిన అంతరిక్ష సదస్సులో జెఫ్ బెజోస్ స్వయంగా సిరీస్ బతికిందని ప్రకటించాడు. గాలికి డబ్బు కట్టే కూలీల కథను ప్రపంచంలోకెల్లా పెద్ద ధనవంతుల్లో ఒకడు కాపాడటం! నవ్వాలో ఏడవాలో అప్పుడే తేలలేదు.

అలా దక్కిన మూడు సీజన్లూ 2022 జనవరిలో అయిపోయాయి. జేమ్స్ ఎస్. ఎ. కోరీ అనే కలంపేరుతో డేనియల్ అబ్రహాం, టై ఫ్రాంక్ ఇద్దరూ రాసిన తొమ్మిది నవలల్లో సిరీస్ ఆరింటి దాకా వచ్చింది. ఆరుకీ ఏడుకీ మధ్య కథలో ముప్ఫై ఏళ్ల ఖాళీ ఉంది, కాబట్టి ఆగిన చోటు సహజంగానే ఉంటుంది. బెల్టర్ల రాజకీయం కూడా ఒక గట్టుకు చేరుతుంది. కానీ ఆరో సీజన్‌లో ప్రతి ఎపిసోడ్ మొదట్లో దూరపు గ్రహం మీద ఒక అమ్మాయి కథ నడుస్తుంది. దానికి జవాబు సిరీస్‌లో లేదు, మిగిలిన పుస్తకాల్లో ఉంది. పాత్రల వయసు ముప్ఫై ఏళ్లు పెరగాలి కాబట్టి నటులు కూడా ముసలివాళ్లయ్యేదాకా ఆగి మిగతా మూడూ తీస్తారులే అని అభిమానులు జోకులేసుకుంటారు. జోకులో సగం ప్రార్థన.

ఎవరికి: వనరులు, వలస, యాస, కూలి ఈ నాలుగింటి మీద ఆసక్తి ఉన్నవాళ్లకు. మొదటి నాలుగు ఎపిసోడ్లు ఎవరెవరో అర్థం కాక తికమకగా ఉంటుంది, తట్టుకోవాలి. ఇంగ్లిష్ పుస్తకాలు చదివే అలవాటుంటే ఇక ఆలోచించకండి, ఆగిన చోటు నుంచి ఏడో పుస్తకం పట్టుకోవచ్చు.

## ఆండోర్: నేలలో కరెంటు

మా తమ్ముడు చూసేశాడు కాబట్టి వాడికి అక్కర్లేదు. చూడనివాళ్ల కోసం: స్టార్ వార్స్ ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదు. టోనీ గిల్‌రాయ్ తీసిన ఈ కథలో ఒక మామూలు దొంగ, కాసియన్ ఆండోర్, సామ్రాజ్యం మీద తిరగబడేవాడిగా ఎలా మారాడన్నదే విషయం.

మొదటి సీజన్‌లో జైలు ఎపిసోడ్లు మూడు ఉన్నాయి. చేయని నేరానికి ఆరేళ్లు. ఖైదీలకు చెప్పుల్లేవు, నేల మొత్తం కరెంటు పాకే లోహం. గోడల్లేకపోయినా ఎవడూ కదలడు. బల్లకు ఏడుగురు చొప్పున యంత్ర భాగాలు బిగిస్తారు. వెనకబడిన బల్లకు షాక్, ముందున్న బల్లకు తిండిలో కాస్త రుచి. కాపలావాళ్లు ఎందరని కాసియన్ అడుగుతూనే ఉంటాడు, ఖైదీల మేస్త్రీ కీనో లోయ్ నోరు విప్పడు. ఇక్కడి నుంచి ఎవరూ బయటికి పోవడం లేదని రుజువు దొరికాక, నడుస్తూ నడుస్తూ కిందికి చూస్తూ చెబుతాడు: పన్నెండుకి మించి ఎప్పుడూ లేరు. అంత చిన్న అంకెకు ఐదువేల మంది భయపడ్డారు. ఆ ఒక్క మాటకు నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

అయితే నేను దీన్ని నెత్తిన పెట్టుకునేది గుమాస్తాల కోసం. డెడ్రా మీరో నిఘా విభాగంలో చిన్న అధికారిణి. మగ అధికారులు ఆమె ఫైలు పక్కకు నెడుతుంటారు. ఆమె లెక్కలు సరైనవి, మొండిగా పోరాడి నెగ్గుతుంది. ఆఫీసులో ఇలాంటివి పడ్డ ఎవరైనా ఆమె పక్షమే ఉంటారు. నేనూ ఉన్నాను. రెండు ఎపిసోడ్ల తర్వాత ఆమె విచారణ గది చూశాక నా మీద నాకే కంపరం పుట్టింది. మరో వైపు సెనేటర్ మాన్ మాత్మా తిరుగుబాటుకు పంపిన డబ్బు ఖాతాలో తేడాగా కనపడకుండా పూడ్చడానికి, తనకు గిట్టని ఒక డబ్బున్నవాడి కొడుకుతో చిన్న వయసు కూతురికి సంబంధం గురించి ఆలోచించాల్సి వస్తుంది. విప్లవానికి అయ్యే ఖర్చు ఎవరెవరి ఇంట్లోంచి పోతుందో ఇంత పచ్చిగా చెప్పడం అరుదు. గిల్‌రాయ్ చరిత్ర బాగా చదువుకున్న మనిషి; జీతాల డబ్బు దోచే ఎపిసోడ్ల వెనక 1907 నాటి టిఫ్లిస్ బ్యాంకు దోపిడీ ఉందని తనే చెప్పాడు. రెండో సీజన్‌లో మాన్ మాత్మా సెనేట్‌లో మాట్లాడే ఎపిసోడ్ రాసిన డాన్ గిల్‌రాయ్‌కి 2025లో ఎమ్మీ వచ్చింది.

ఐదు సీజన్లు అనుకున్నది రెండుకు కుదించారు. రెండో సీజన్‌లో మూడేసి ఎపిసోడ్లకు ఒక ఏడాది గెంతుతుంది. కొన్ని పాత్రలకు జరగాల్సినంత జరగలేదన్న అసంతృప్తి అక్కడ నిజంగానే ఉంది. హీరో చివరికి ఏమవుతాడో 2016లో వచ్చిన రోగ్ వన్ సినిమాతోనే లోకానికి తెలుసు కాబట్టి బతుకుతాడన్న ఆశ మొదటి నిమిషం నుంచీ లేదు. చిత్రంగా, అది మేలే చేసింది. ఆశ అంతా అతని చుట్టుపక్కలవాళ్ల మీదికి మళ్లుతుంది.

## బాబిలాన్ 5: యాభై క్రెడిట్ల చేతిపట్టీ

గ్రాఫిక్స్ చూస్తే 1990ల వీడియో గేమ్ గుర్తొస్తుంది, మేకప్ చూస్తే నవ్వొస్తుంది. మొదటి సీజన్‌ను నేనే మూడుసార్లు వదిలేశాను. అయినా జాబితాలో ఎందుకుందంటే, ఒక ప్రజాస్వామ్యం మెల్లమెల్లగా నియంతృత్వంలోకి ఎలా జారుతుందో మెట్టు మెట్టుగా చూపించినది ఇదే.

జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ ముందే ఐదేళ్ల కథ అనుకుని, 110 ఎపిసోడ్లలో 92 తనే రాశాడు. భూమి అధ్యక్షుడు ప్రమాదంలో పోతాడు, ఉపాధ్యక్షుడు వస్తాడు, శాంతి మంత్రిత్వశాఖ పుడుతుంది, దాని కింద నైట్‌వాచ్ అనే దళం. బాబిలాన్ 5 అనే అంతరిక్ష స్టేషన్‌లో జాక్ అనే సెక్యూరిటీ గార్డు అందులో చేరతాడు. సిద్ధాంతం కోసమేమీ కాదు, చేతికి పట్టీ కట్టుకుంటే వారానికి యాభై క్రెడిట్లు ఎక్కువిస్తారని. కొన్ని నెలలకు ఆ పట్టీ అతన్ని ఏమేం చేయమంటుందో చూడండి.

సమ్మె మీద కూడా మొదటి సీజన్‌లో ముచ్చటైన ఎపిసోడ్ ఒకటుంది. డాక్ కార్మికుల సమ్మెను "ఏ మార్గంలోనైనా" అణచమని కమాండర్‌కు చట్టబద్ధంగా అధికారమిస్తారు. అతను ఆ మాటనే పట్టుకుని, సైనిక బడ్జెట్‌లోంచి డబ్బు తీసి కార్మికులకు కేటాయించేస్తాడు. ఏ మార్గంలోనైనా అన్నారుగా!

మీరా ఫుర్లాన్ పోషించిన రాయబారి డెలెన్ పాత్రను చూస్తున్నప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఆమె యుగోస్లావియా యుద్ధంలో ముక్కలవుతున్నప్పుడు దేశం వదిలి వచ్చిన నటి. యుద్ధాన్ని ఆపడం గురించి ఆమె పలికే మాటల్లో వేరే బరువు ఉంటుంది.

ఐదో సీజన్ దక్కదేమోనన్న భయంతో ప్రధాన కథను నాలుగో దాంట్లోనే ముగించేశారు. తీరా ఐదోది దక్కింది. అందుకే అది కాస్త నీరసంగా ఉంటుంది. చివరి ఎపిసోడ్ మాత్రం ముందే తీసి దాచిపెట్టారు, దాని జోలికెవరూ రారు. మళ్లీ ఆ జట్టును తెర మీద చూడాలన్న ఆశకు కాలమే అడ్డుపడింది. జికార్ అనే ఇంకో రాయబారిగా నటించిన ఆండ్రియాస్ కట్సులాస్ 2006లో పోయారు, ఫుర్లాన్ 2021లో.

## డీప్ స్పేస్ నైన్: స్వేచ్ఛ వచ్చిన మర్నాడు

మిగతావన్నీ ఆక్రమణ గురించి మాట్లాడితే ఇది ఆక్రమణ అయిపోయాక ఏమిటి అని అడుగుతుంది. బజోర్ అనే గ్రహాన్ని యాభై ఏళ్లు పీల్చిన కార్డాసియన్లు వెళ్లిపోయారు. నిన్నటి గెరిల్లా మేజర్ కీరా ఇవాళ యూనిఫాం వేసుకుని ఫైళ్ల మీద సంతకాలు చేయాలి. సాయానికొచ్చిన ఫెడరేషన్ అనే గ్రహాల కూటమిని ఎంతవరకు నమ్మాలి, ఆలయం మాట వినాలా మంత్రివర్గం మాట వినాలా, శత్రువు కోసం గుమాస్తాగా పనిచేసినవాణ్ని ఏం చేయాలి? 1995లో వచ్చిన ఒక జంట ఎపిసోడ్ 2024 నాటి శాన్ ఫ్రాన్సిస్కోలో ఇళ్లూ ఉద్యోగాలూ లేనివాళ్లను గోడ కట్టి లోపల పెట్టడం చూపించింది. ఇప్పుడు 2024 వెనకపడింది, ఎపిసోడ్ మాత్రం పాతబడలేదు.

చిక్కు నిడివిది. మొదటి రెండు సీజన్లలో వదిలేయదగ్గవి బోలెడు. ఆరో సీజన్‌లో ఆ స్టేషన్‌ను నడిపే కెప్టెన్ సిస్కో కెమెరా వైపు చూస్తూ, ఒక దేశాన్ని యుద్ధంలోకి లాగడానికి తానేమేం చేశాడో లాగ్‌లో చెప్పుకుని, చివర్లో ఆ రికార్డింగే చెరిపేయమంటాడు. అక్కడికి చేరడానికి వంద గంటలు ఎందుకు పెట్టానో ఆ రాత్రి నాకు తెలిసింది.

బాకీ ఉన్న మాట సిస్కోదే. వెళ్తూ భార్యతో తిరిగొస్తానంటాడు. మొదట రాసిన దాంట్లో ఆ హామీ లేదు. కడుపుతో ఉన్న భార్యను వదిలి వెళ్లే నల్లజాతి తండ్రిగా అతను మిగలకూడదని నటుడు ఏవరీ బ్రూక్స్ పట్టుబట్టి మార్పించాడు. ఆ మార్పు వల్లే అభిమానులు ఏళ్ల తరబడి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. వాళ్లు చందాలు వేసి తీయించిన డాక్యుమెంటరీలో పాత రచయితలంతా ఒక గదిలో చేరి, ఎప్పటికీ రాని ఎనిమిదో సీజన్‌కు మొదటి ఎపిసోడ్ అల్లారు.

## మీరు ఏ బాపతో చెప్పండి

వారానికి నాలుగైదు గంటలకు మించి దొరకని ఉద్యోగస్తులైతే ఆండోర్. నెలన్నరలో అయిపోతుంది, మధ్యలో వదిలేయడానికి చోటివ్వదు. ఆండోర్ అయిపోయి అదే మత్తులో ఉంటే, మా తమ్ముడిలాగా, నేరుగా ఎక్స్‌పాన్స్‌కు వెళ్లండి. బ్యాటిల్‌స్టార్‌కు వెంటనే వెళ్లొద్దు. రెండూ వరసగా చూస్తే ఆక్రమణ, చిత్రహింస, మళ్లీ ఆక్రమణ; మనసు మొద్దుబారి బ్యాటిల్‌స్టార్‌కు రావాల్సిన న్యాయం రాదు.

సగంలో ఆగిన కథ అంటే ఒళ్లు మండేవాళ్లు బాబిలాన్ 5 చూడాలి. ముందే గీసుకున్న కథ, చెప్పిన చోటే ఆగుతుంది. గ్రాఫిక్స్ విషయంలో మాత్రం నాటకం చూస్తున్నాననుకోండి. సురభి నాటకంలో తాడు కనిపించిందని ఎవరూ లేచి వెళ్లరు కదా.

ఇంట్లో పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలుండి, వాళ్లతో కూర్చుని న్యాయం, ద్రోహం, సమ్మె గురించి మాట్లాడుకోవాలనుంటే డీప్ స్పేస్ నైన్ ఒక్కటే దారి. గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదువుతూ "ఇది కూడా సిలబస్సే" అని ఇంట్లో నమ్మించాలనుకునేవాళ్లకు బ్యాటిల్‌స్టార్ పనికొస్తుంది: అధికార వారసత్వం, సైన్యం మీద పౌర ప్రభుత్వ అదుపు, సాధారణ క్షమాభిక్ష, అన్నీ ఉన్నాయి. ఇంట్లో నమ్ముతారని నేను హామీ ఇవ్వను.

ఎటూ తేల్చుకోలేకపోతే సీజన్లు పక్కనపెట్టి ఒక్కో ఎపిసోడ్ రుచి చూడండి. బ్యాటిల్‌స్టార్‌లో 33, కానీ అంతకుముందు మూడు గంటల మినీ సిరీస్ తప్పదు. ఎక్స్‌పాన్స్‌కు మొదటిదే. ఆండోర్‌లో తొందరపడి జైలుకు దూకకండి, మూడో ఎపిసోడ్ దాకా వరసగా చూసి నిర్ణయించుకోండి. బాబిలాన్ 5లో ఆ డాక్ సమ్మె ఎపిసోడ్. డీప్ స్పేస్ నైన్‌లో మొదటి సీజన్ చివర డ్యుయెట్ అని ఒకటుంది: ఒక గది, ఒక ఖైదీ, ఒక మాజీ గెరిల్లా, ముక్కాలు గంట మాటలు. ముందూ వెనకా ఏమీ తెలియక్కర్లేదు.

మా తమ్ముడికి ఇదంతా పంపాను. "చదివాను అన్నా, డ్యుయెట్ పెట్టుకున్నా" అని మెసేజ్ పెట్టాడు రాత్రి పదింటికి. పదకొండింటికి ఇంకోటి: "ఆ గుమాస్తాని ఎందుకు చంపేశార్రా బాబూ."